హెలెద్ పద్యాలు హెలెద్ రాసినవి కావు

వెల్ష్ ప్రాచీన కవిత్వం ప్రస్తావన వస్తే చాలు, ఒక కథ తెగ షేర్ అవుతుంది. 656లో ఆంగ్లేయులు వేల్స్ వైపు పొవిస్ రాజ్యపు రాకుమారుడు కన్దలాన్‌ను చంపి, ఇప్పటి ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో అతని భవనాన్ని తగలబెట్టారట. అదే రాత్రి అతని సోదరి హెలెద్ ఏడుస్తూ పద్యాలు కట్టిందట. ఇందులో నిలబడేది చాలా తక్కువ.

ముందు హెలెద్ సంగతి. కన్దలాన్ ఏడో శతాబ్దం వాడు. ఆ పద్యాల భాష చూసి పండితులు వాటిని తొమ్మిది, పది శతాబ్దాలవిగా లెక్కిస్తారు. పద్యాల్లో హెలెద్ 'నేను' అంటుంది కదా అంటారు. ఏకపాత్రాభినయంలో దుర్యోధనుడు 'నేను' అంటే ఆ మాటలు దుర్యోధనుడే రాశాడనుకుంటామా? చీకటి పడ్డ ఆ భవనాన్ని వర్ణించిన తీరు చూడండి. నిప్పు లేదు, పక్క లేదు అంటుంది ఒక పద్యం. నిప్పు లేదు, దీపం లేదు అంటుంది మరొకటి. ఇంకోచోట నిప్పూ లేదు, పాటలూ లేవు. ప్రతిసారీ 'ఈ రాత్రి' అన్న మాట తిరిగొస్తుంది. ఇది ఆరితేరిన కవి పనితనం. పేరు తెలియదు కదా అని ఆ కవి ఘనతను తుడిచేయడం అన్యాయం.

పైగా ఆ హెలెద్ శత్రువును తిట్టి ఊరుకోదు. తన నాలుక వల్లే తనవాళ్లు చచ్చారని తనను తాను నిందించుకుంటుంది. షేర్ అయ్యే కథలో ఈ ముక్కే ఉండదు, నాకైతే ఈ పద్యాలకు ప్రాణం అదే.

ఇక 'ఆంగ్లేయులు ఒకవైపు, బ్రిటన్లు (అంటే వెల్ష్ వాళ్ల పూర్వీకులు) ఒకవైపు' అన్న లెక్క. 642లో మెర్సియా రాజు పెండా నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్‌ను యుద్ధంలో చంపాడు. ఇద్దరూ ఆంగ్లేయులే. ఆ యుద్ధంలో కన్దలాన్ సాయంగా నిలిచాడని ఒక పాత వెల్ష్ పద్యం చెబుతుంది; ఆ సాయం పెండాకే అయ్యుంటుందని అంటారు. అతని మీద విడిగా ఇంకో స్మృతిగీతం ఉంది. చాలామంది దాన్ని ఏడో శతాబ్దానిదే అంటారు. అందులో ఇంగ్లండ్‌లోని లిచ్‌ఫీల్డ్ ప్రాంతం మీద తమవాళ్లు చేసిన దాడిని కవి గర్వంగా చెప్పుకుంటాడు: పదిహేను వందల పశువులు, ఎనభై గుర్రాలు దోచుకొచ్చారనీ, పుస్తకాలు పట్టుకున్న సన్యాసులు కూడా అడ్డుకోలేకపోయారనీ.

656 అన్నది కూడా ఊహే. 655లో పెండా చనిపోయాక పరిస్థితి తారుమారైంది కాబట్టి అప్పుడే అయ్యుంటుందని లెక్క కట్టారు. ఎనిమిదో శతాబ్దపు ఆంగ్ల చరిత్రకారుడు బీడ్ కన్దలాన్ పేరే ఎత్తలేదు.

ష్రూస్‌బరీ పేరూ పద్యాల్లో లేదు, ఉన్నది పెంగ్వెర్న్ అనే చోటి పేరు. ఆ రెండూ ఒకటేనని చెప్పింది పన్నెండో శతాబ్దం రచయిత జెరాల్డ్. అప్పటికి కన్దలాన్ పోయి ఐదు వందల ఏళ్లు.