జూన్‌లో గొర్రెతోలు

శనివారం అమెరికాలోని డేటన్‌లో ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం చూసి వస్తూ, దారిలో ఓ పాత మిలిటరీ సామాన్ల షాపు దగ్గర కారు ఆపాను. ఆపమన్నది బావమరిది. ఇప్పుడు కాదంటాడు.

లోపల బి-3 జాకెట్ వేలాడుతోంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ సిబ్బంది వేసుకున్న రకం. బయట తోలు, లోపల ఉన్ని, కాలర్‌కు రెండు బెల్టులు. 900 డాలర్లు. కొనే ఉద్దేశం నాకెక్కడిది? "ఊరికే వేసుకుని చూడండి" అన్నాడు షాపాయన. జిప్పు పైదాకా లాగింది కూడా ఆయనే.

విప్పబోతే జానెడు దిగి ఆగిపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. లోపలి ఉన్నితో పాటు నా టీషర్టు కాలర్‌ని కూడా కొరికి పట్టుకుంది.

ఆ కోటు సంగతి కొంచెం చెప్పాలి. 1934లో అమెరికా సైన్యం ఆమోదించింది. తర్వాత బి-17 బాంబర్ విమానాల్లో తుపాకీ పట్టుకున్న కుర్రాళ్లు తెరిచిన కిటికీల దగ్గర, 25,000 అడుగుల ఎత్తున, మైనస్ 40, 50 డిగ్రీల గాలిలో నిలబడాల్సి వచ్చింది. వాళ్లకే ఈ కోటు చాలక, కరెంటుతో వేడెక్కే సూట్లు కూడా ఇచ్చారు. నేను నిలబడింది జూన్ మధ్యాహ్నం, ఒక టేబుల్ ఫ్యాను ముందు. ఫ్యాను కూడా అటు తిరిగి ఉంది. రోహిణి కార్తెలో గుంటూరు బస్టాండులో గొంగళి కప్పుకున్నా ఇంత ఉడికి ఉండను.

గట్టిగా లాగబోతే షాపాయన కేక పెట్టాడు. "లాగకండి! యుద్ధకాలం నాటి ఒరిజినల్ జిప్పు! తోలు ఎండిపోయి ఉంది, చిరిగితే కుట్టు కూడా నిలవదు!" పెన్సిల్ ముల్లు రుద్దుదామన్నాను. మరక పడుతుందట. సబ్బు? అమ్మో, తోలు! చివరికి ఓ చిన్న పట్టకారు తెచ్చి, నా గడ్డం కింద దూరి, ఒక్కొక్క పోగే పీకడం మొదలుపెట్టాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇరవై నిమిషాల్లో ఆయన జిప్పు క్షేమం అడిగినన్ని సార్లు నా క్షేమం అడగలేదు.

ఈలోగా బావమరిది వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. "అల్లుడుగారికి అక్కడ అంత చలా?" అని మా అత్తగారి మెసేజి.

చివరికి చేతులు లోపలికి లాక్కుని, గుంజీలు తీసినట్టు కూర్చుని, కింద నుంచి బయటపడ్డాను. బనీనుతో. టీషర్టు జిప్పు కోరల్లోనే ఉండిపోయింది.

షాపాయన కోటును తడిమి, నా చెమట వాసన చూసి, మొహం చిట్లించి హ్యాంగర్‌కి తగిలించాడు. టీషర్టుతో సహా.

"నా టీషర్టు?" అన్నాను.

"కోటు కొంటే తీసుకెళ్లొచ్చు" అన్నాడు.