‘గత పదేళ్ల ఉద్యోగ చరిత్ర’ గడి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రక్కింగ్ కంపెనీ దరఖాస్తు ఫారాన్ని ఏకచ్ఛత్రంగా ఏలుతున్న ‘గత పదేళ్ల ఉద్యోగ చరిత్ర’ గడి గారి దివ్యసముఖమునకు, కొత్త డ్రైవర్ల కాగితాలు సరిచూసిపెట్టే వాళ్లం నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. అమెరికాలో ట్రక్కు తోలాలనుకున్న ప్రతి మనిషీ తమరి గడప తొక్కక తప్పదు. రాష్ట్రాలు దాటి తోలడానికి 21 ఏళ్లు నిండాలి కాబట్టి, నిన్నగాక మొన్న ఆ వయసు వచ్చిన కుర్రాడు వస్తాడు. పిల్లల్ని పెంచి పెద్దచేసి ఇప్పుడు స్టీరింగు పట్టుకుందామనుకున్న తల్లి వస్తుంది. ఇద్దరినీ తమరు అడిగేది ఒకటే: పదేళ్లుగా ఎవరి దగ్గర పనిచేశావు? కుర్రాడి లెక్క పదకొండో ఏట నుంచి మొదలవుతుంది. అప్పుడు వాడు నిక్కర్లేసుకుని బడికెళ్తున్నాడు. వాళ్ల లెక్కల టీచరు ఫోన్ నంబరు రాయమంటారా?

పైగా ‘అనుభవం ఉన్నవారికే ప్రాధాన్యం’ అని పైన బోర్డు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది తమరి వ్యవహారం.

అసలు తమరి పదేళ్ల దర్జా ఎక్కడిదో ఒకసారి చూద్దాం. దరఖాస్తులో ఏముండాలో చెప్పేది ఫెడరల్ నిబంధన 391.21. అందరూ రాయాల్సింది గత 3 ఏళ్ల యజమానుల వివరాలు. సీడీఎల్ (వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు) కావాల్సిన బండి తోలబోయేవాళ్లు అంతకుముందు 7 ఏళ్లవి కూడా రాయాలి, కాకపోతే వాణిజ్య వాహనం నడిపిన ఉద్యోగాలవి మాత్రమే. మూడూ ఏడూ కలిపితే పది. పుట్టిన తర్వాత ట్రక్కు క్యాబిన్ ఎక్కనివాడికి ఆ ఏడేళ్లలో రాయడానికి ఏమీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. తమరు ఆ ‘మాత్రమే’ను గుటుక్కున మింగేసి, హోటల్లో గిన్నెలు కడిగిన నెలతో సహా పదేళ్లూ కక్కించాలని చూస్తారు. కంపెనీ తన జాగ్రత్త కోసం ఎక్కువ అడిగితే అడగనివ్వండి, అది దాని ఇష్టం. చట్టం చెప్పింది గనక అడుగుతున్నానని మాత్రం బుకాయించకండి.

ఇంకోటి. 391.23 ప్రకారం డ్రైవరు చేరిన 30 రోజుల్లోగా కంపెనీ అతని పాత యజమానుల దగ్గర భద్రతా చరిత్ర ఆరా తీయాలి. గత మూడేళ్లలో రవాణా శాఖ నియంత్రణ కిందికి వచ్చే యజమాని ఒక్కరూ లేకపోతే? ‘విచారణకు అవకాశం లేదు’ అని ఒక కాగితం రాసి డ్రైవరు ఫైల్లో పెట్టమంది ఆ నిబంధనే. అయిపోయింది. ఖాళీ మనిషికి చట్టమే కుర్చీ వేసింది. తమరే ఇంకా గుమ్మంలో నిలబెట్టి మాట్లాడుతున్నారు.

పని చేసినట్టు రుజువు అడిగేవాళ్లు లోకమంతా ఉన్నారు. పని చేయనట్టు రుజువు అడిగేది తమరొక్కరే. సరే, అదీ సమర్పించుకుంటాం. చదువుకున్న కాలానికి స్కూలు ట్రాన్‌స్క్రిప్టు. సొంతంగా ఏదో చేసుకున్న కాలానికి పన్ను రిటర్నులు, జీతం కాని ఆదాయం చూపే 1099 ఫారాలు. పైసా సంపాదించని ఏడాదికి, ఆ మనిషి రిటర్ను వేసిన రికార్డు తమ దగ్గర లేదని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాళ్లే ఒక లేఖ ఇస్తారు, 4506-టి ఫారం నింపి అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లకు సేవ చేసుకున్న కాలానికైతే, చుట్టరికం లేనివాళ్లు సంతకం చేసిన నోటరీ లేఖలను కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. ఏది ఒప్పుకుంటారో రిక్రూటరును ముందే అడిగి, వీలైతే మెయిల్లో రాయించుకోవడం మంచిది. ఫోన్లో ‘ఫరవాలేదు, వచ్చేయ్’ అన్న మనిషి ఓరియెంటేషన్ రోజున సెలవులో ఉంటాడు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, గడిని ఉత్తగా వదిలేయడం. ఖాళీ గడిని చూస్తే సాఫ్ట్‌వేరుకు ఏమీ అర్థం కాదు, దరఖాస్తును పక్కన పడేస్తుంది. ‘ఉద్యోగం లేదు’ అని యజమాని పేరుండాల్సిన చోటే రాసి, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా అని తేదీలు వేయాలి. ఒక వరుస ముగిసిన నెలలోనే తర్వాతి వరుస మొదలవ్వాలి. మధ్యలో నెల రోజుల సందు కనబడితే చాలు, తమరు అందులో తల దూర్చి నేరపరిశోధన మొదలుపెడతారు.

ఈ తంటా అంతా ఎందుకని, బాబాయి కంపెనీలో రెండేళ్లు పనిచేశానని రాసేద్దామనుకునే మేధావులు కొందరుంటారు. బాబాయి ఫోనెత్తి గొప్పగా చెప్తాడు, నిజమే. తర్వాత డబ్ల్యూ-2 ఫారం, అంటే యజమాని ఇచ్చే ఏడాది జీతం లెక్క, చూపించమంటారు. అది బాబాయి దగ్గర ఉండదు. ఇందులో రాసినదంతా నిజమని సంతకం చేసిన వాక్యం దరఖాస్తు చివర ఉంటుంది, అదీ 391.21 పెట్టించినదే. అనుభవం లేదన్నవాడికి ఇంకో కంపెనీ దొరుకుతుంది. అబద్ధమాడాడని ఫైల్లోకెక్కినవాడికి దొరకడం కష్టం.

పాత చరిత్ర లేదు కదా అని క్లియరింగ్‌హౌస్‌ను మర్చిపోయేవాళ్లు ఇంకో రకం. మత్తుమందుల, మద్యం పరీక్షల ఫెడరల్ రికార్డు అది, 2020 జనవరి 6న మొదలైంది. చేర్చుకునే ముందు కంపెనీ అందులో పూర్తి వివరాలు చూడాలి. దానికి డ్రైవరు తన ఖాతాలోంచే అనుమతి ఇవ్వాలి. ఖాతా లేకపోతే అనుమతి లేదు, అనుమతి లేకపోతే స్టీరింగు లేదు. నిన్నటి దాకా సైకిలు తప్ప ఏమీ తొక్కని మనిషి కూడా నమోదు కావాల్సిందే.

ఇంతా చేసి తమరు అసలు సంగతి ఒక్కటీ అడగరు. ఎయిర్ బ్రేకు పరీక్ష వచ్చా అని అడిగారా ఎప్పుడైనా? చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. గాలి ఒత్తిడిని అదుపుచేసే ‘గవర్నరు’ అనే భాగం గాలి ఆపేదాకా, అంటే ఒత్తిడి సుమారు 120 నుంచి 140 పీఎస్‌ఐ దాకా, గాలి నింపాలి. ఇంజను ఆపి తాళం ఆన్‌లో ఉంచాలి. పార్కింగ్ బ్రేకు పసుపు నాబు, ట్రైలరు గాలి ఎర్ర నాబు రెండూ లోపలికి నొక్కాలి. గాలి మీటరు ముల్లు కుదురుకున్నాక కాలిబ్రేకు గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోవాలి. ట్రైలరు తగిలించిన బండిలో ఆ నిమిషానికి 4 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత పెడలును తొక్కుతూ వదులుతూ గాలి ఖర్చుచేస్తే, 55కి దిగేలోపే దీపం వెలిగి బజర్ మోగాలి. ఇంకా తగ్గిస్తే 20కీ 45కీ మధ్య నాబులు టక్కున బయటికి రావాలి. తాళం ఆఫ్ చేసినవాడికి బజర్ మోగదు, వాడు బజర్ పాడైందనుకుంటాడు. ఎర్ర నాబు నొక్కడం మర్చిపోయినవాడికి ట్రైలర్లోకి గాలే వెళ్లదు. అంటే వాడు పరీక్షించింది సగం బండినే. ఈ వరుస తడబడితే చాలాచోట్ల లైసెన్సు పరీక్ష ఆ రోజుకి అక్కడితో సరి. పదేళ్లు ఆఫీసులో కూర్చుని జీతం తీసుకున్నవాడికి ఇది రాదు. తమరి లెక్కలో మాత్రం వాడు ఉత్తమ అభ్యర్థి.

ట్రైలరు తగిలించడం కూడా అంతే. వెనక్కి వెళ్లగానే టక్ మని చప్పుడొచ్చింది, ముందుకు లాగి చూస్తే ట్రైలరు కదల్లేదు, కాబట్టి తగులుకుందని నమ్మేవాళ్లున్నారు. ట్రైలరు ఎత్తు ఎక్కువైనప్పుడు కింగ్‌పిన్ (ట్రైలరు కిందుండే ఇనుప కడ్డీ) దవడల్లో పడకుండా ఫిఫ్త్ వీల్ (దాన్ని పట్టుకునే ట్రక్కు వెనకపలక) అంచుకు తట్టుకుని ఆగుతుంది. లాగి చూస్తే ఒక్కోసారి అదీ పట్టుకున్నట్టే ఉంటుంది. టార్చి పట్టుకుని కిందికి దూరి, దవడలు కింగ్‌పిన్ మెడ చుట్టూ మూసుకున్నాయా, పైపలకకూ కిందిపలకకూ మధ్య వెలుతురు కనబడుతోందా అని కళ్లతో చూడాలి. వెలుతురు కనబడిందంటే బయల్దేరకూడదు. ఈ చూడ్డానికి పట్టేది రెండు నిమిషాలు, కావాల్సింది బట్టలు మాసినా ఫరవాలేదనుకునే మనసు. దానికి దరఖాస్తులో గడే లేదు.

తమరి వెనకున్న అసలు దొర ఎవరో మాకు తెలియక కాదు. ఇన్సూరెన్సు కంపెనీ. నాలుగు బండ్లున్న చిన్న యజమానికి కొత్త కుర్రాడంటే ఇష్టమే ఉండొచ్చు, కాని ఏడాదో రెండేళ్లో అనుభవం లేనివాడికి అతని ఇన్సూరెన్సువాళ్లు పాలసీ ఇవ్వరు, ఇచ్చినా ప్రీమియం భరించలేడు. అందుకే కొత్తవాళ్లు సొంతంగా శిక్షణ ఇచ్చే పెద్ద కంపెనీల దగ్గరికే పోవాలి. అక్కడ అనుభవం బదులు ఒప్పందం అడుగుతారు. తరచుగా అది ఏడాది మాట. ముందే మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలి. నెల నెలా ఆ అప్పు తగ్గుతుందా, చివరి రోజు దాకా మొత్తం అలాగే ఉంటుందా, వాళ్లే తీసేసినా కట్టాలా, ఈ మూడూ చదివాకే సంతకం. శిక్షణ ఏ బండిలో అన్నదీ అడగాలి. ఆటోమేటిక్‌లో పరీక్ష రాస్తే లైసెన్సు మీద ‘ఇ’ ఆంక్ష పడుతుంది, గేర్ల బండి తోలడానికి వీల్లేదు. 2022 ఫిబ్రవరి 7 నుంచి తొలిసారి క్లాస్ ఎ (ట్రైలరు లాగే పెద్ద ట్రక్కుల లైసెన్సు) తీసుకునేవాళ్లకు ఫెడరల్ రిజిస్ట్రీలో ఉన్న చోటే శిక్షణ తప్పనిసరి. కాబట్టి చేరే ముందు ఆ స్కూలు పేరు అక్కడ వెతకాలి. ఇవన్నీ అడిగే ఓపిక ఉన్నవాడిని తమరు ‘అనుభవం సున్నా’ అంటారు.

కావున తమరు దయతో పదేళ్లను మూడుకి దించి, మిగిలిన ఏడేళ్ల పక్కన ‘ట్రక్కు తోలి ఉంటేనే’ అని చిన్న అక్షరాలతోనైనా అచ్చు వేయించుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయులు

తా.క. తమరి పక్కింట్లో ఉండే ‘ఉద్యోగం మానేసిన కారణం’ గారిని కూడా అడిగామని చెప్పండి. చేరనే లేదు గనక మానలేదని రాస్తే ఆయన ఒప్పుకోవడం లేదట. ‘వర్తించదు’ అని రాస్తే మారు మాట్లాడకుండా తీసుకుంటున్నాడు.