చెరువుకున్న శ్రద్ధ

భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యలు పెంచే రైతుకు పీహెచ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు: అది నీళ్ల పులుపును కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు. పొద్దున్నే చెరువు నీళ్లు పట్టి చూసుకుంటాడు. తేడా ఉంటే సున్నం చల్లుతాడు, మంచి బ్యాక్టీరియా పెరగాలని ప్రోబయాటిక్‌ను బెల్లం నీళ్లలో పులియబెట్టి పోస్తాడు. అదే ఇంట్లో కోడలు తెల్లబట్ట అవుతోందంటే మాత్రం 'వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు' అంటారు. అక్కడితో సరి.

ఆడవాళ్ల ఒంట్లోనూ అలాంటి లెక్కే ఉంది. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను 4.5 దాటనివ్వదు. ఆ పులుపులో హానిచేసే సూక్ష్మజీవులు నిలదొక్కుకోలేవు. లాక్టోబాసిల్లస్‌కు మేత గ్లైకోజన్ అనే పిండిపదార్థం. అది అక్కడ చేరడానికి ఈస్ట్రోజెన్ హార్మోన్ కావాలి. అందుకే హార్మోన్లతో పనిచేసే గర్భనిరోధకాల ప్రభావం ఈ బ్యాక్టీరియా దాకా వెళ్తుంది.

ఎటు వెళ్తుందన్నదే ప్రశ్న. కేప్‌టౌన్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిలపై జరిగిన పరిశోధనలో మాత్రలు వాడినవారికి లాక్టోబాసిల్లస్ మెరుగ్గా నిలిచింది, యోనిలో హార్మోన్ రింగు పెట్టుకున్నవారిలో రకరకాల బ్యాక్టీరియా పెరిగింది. మూడు నెలల ఇంజెక్షన్ వల్ల హెచ్ఐవీ ముప్పు పెరుగుతుందన్న భయం చాలాకాలం ఉండేది. ఆఫ్రికాలో 7,829 మందిపై చేసి 2019లో ప్రకటించిన ఎకో అధ్యయనం ఇంజెక్షన్, కాపర్ టీ, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్ల మధ్య ఆ ముప్పులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. కాబట్టి భయపడి మాత్రలో ఇంజెక్షనో మానేయమని మేం చెప్పడం లేదు. కడుపు వస్తే పడే ఇబ్బంది చిన్నదా?

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 20-24 ఏళ్లవారిలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయిందనీ అదే సర్వే లెక్క. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్: మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే చాలా ఇళ్లలో ఇంతే. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడానికి పనికొచ్చే మాలా-ఎన్ మాత్రలు, 2017 నుంచి 'అంతర' అనే మూడు నెలల ఇంజెక్షన్ ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. కోనసీమలో గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చిన భర్త మెడికల్ షాపులో 72 గంటల మాత్ర కొని జేబులో వేసుకొస్తాడు. దాంతో కడుపు రాకపోవచ్చు గానీ ఇన్ఫెక్షన్ ఆగదు. ఆ పని నిరోధ్ ఒక్కటే చేస్తుంది. ఆ మాట ఆయనకు కౌంటర్ దగ్గర ఎవరు చెబుతారు?

లక్షణాలను బట్టి మందిచ్చే పద్ధతిలో తెల్లబట్ట అనగానే ఆకుపచ్చ మందుల కిట్ చేతిలో పెడతారు. మంచిదే. కానీ లాక్టోబాసిల్లస్ తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగే జబ్బు, బ్యాక్టీరియల్ వజైనోసిస్, ఉన్నవారిలో సగం మందికి పైకి ఏ లక్షణమూ కనపడదు. వాసన వస్తోందని లోపల సబ్బుతోనో, టీవీలో చూపించే వాష్‌తోనో కడిగితే ఉన్న కాస్త పులుపూ పోతుంది. అంతర ఇంజెక్షన్‌కో మాత్రల కోసమో వచ్చిన అమ్మాయిని ఏఎన్ఎం ఈ సంగతులు చాటుగా అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పీహెచ్ కాగితం, మైక్రోస్కోప్ వాడాలి. అత్తగారు పక్కన నిలబడి ఉండగా మాత్రం కాదు.

ఇక భర్త సంగతి. ఈ జబ్బు ఆడవాళ్లకు తిరగబెట్టడం మామూలే. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో భార్యకు మాత్రమే మందిచ్చినప్పుడు 12 వారాల్లో 63 శాతం మందికి మళ్లీ వచ్చింది. భర్తకూ ఇచ్చినప్పుడు అది 35 శాతానికి తగ్గింది. మన ఆసుపత్రుల్లో మాత్రం మందుల చీటీ ఇప్పటికీ ఆమె ఒక్కదాని పేరు మీదే రాస్తున్నారు, భర్త బయట బండి మీద కూర్చుని ఎదురుచూస్తుంటాడు. ఆయన్నీ లోపలికి పిలవాలి.