పక్కలో మేకు

మహారాజశ్రీ తుప్పు మేకు గారి దివ్యసముఖమునకు,

వర్జీనియా రాష్ట్రం, కల్పెపర్ కౌంటీ, ఒక రైతుగారి మొక్కజొన్న చేను, ఎర్రమట్టి కింద అర అడుగు లోతు. మీ చిరునామా ఇదే కదా. పోస్టులో వేస్తే చేరేది కాదు కాబట్టి ఇలా నలుగురిలో రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

మొన్న శనివారం మిమ్మల్ని 43 సార్లు దర్శించుకున్నాను. తిరుమల కొండ మీద కూడా ఒక్క రోజులో ఇన్ని దర్శనాలు దొరకవు. మోకాళ్ల పర్వతం మాత్రం ఇక్కడా తప్పలేదు. చేతిలో మెటల్ డిటెక్టర్ మోగినప్పుడల్లా కూలబడాలి, గడ్డి చెక్క తియ్యాలి, మట్టి వేళ్లతో నలిపి చూడాలి. చివరికి తమరు. ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి, ఒకసారి తల లేకుండా.

నేను వచ్చింది మీ కోసం కాదు సార్. వారం పొడుగునా ఇదే రాష్ట్రంలో యాష్‌బర్న్ అనే ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం ఒక్క పూట మెటల్ డిటెక్టర్ పట్టుకుని బయల్దేరేది ఇత్తడి కోసం. 1861 నుంచి 1865 దాకా ఈ దేశంలో అన్నదమ్ముల్లాంటి వాళ్లు కొట్టుకు చచ్చిన యుద్ధం ఉందే, ఆ సిపాయిల కోటు బొత్తాం ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లు అని మనవాళ్లు అగ్ని మీద జాలిపడ్డారు. ఇనుముతో కూడిన ఇత్తడి గతేమిటో ఎవరూ చెప్పలేదు. అసలు అది ఉన్నట్టే తెలియదు.

మీ విద్య ఎలా పనిచేస్తుందో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. నా మెషీన్ అడుగున ఉన్న కాయిల్, అంటే తీగచుట్ట, నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి పైకి కబురు పంపుతాయి. ఇత్తడి కబురు ఒక తీరు. మీరు స్వయంగా అయస్కాంతానికి చుట్టాలు కాబట్టి మీ కబురు ఇంకో తీరు, పైగా గొంతు పెద్దది. ఆ తేడా పట్టుకునే మెషీన్ ఇత్తడికి సన్నగా టింగుమంటుంది, మీకు గుర్రుమంటుంది. పొద్దస్తమానం మీ గురక వినలేక డిస్క్రిమినేషన్ అనే సెట్టింగ్ పెంచాను. అంటే, ఇనుము తగిలితే నోరెత్తవద్దని మెషీన్‌కు ఆజ్ఞ అన్నమాట. చెవులకు హాయిగా ఉంది. చేనంతా ప్రశాంతం.

ఆ ప్రశాంతతలోనే నన్ను ముంచారు. మీ మీదుగా కాయిల్ వెళ్లగానే మెషీన్ నోరు మూసుకుంటుంది. మూసిన నోరు మళ్లీ తెరవడానికి సెకనులో ఏ కాస్తో పడుతుంది. మీకు రెండు వేళ్ల దూరంలో ఉన్న బొత్తాం ఆ రెప్పపాటులోనే దాటిపోతుంది. మా ఊళ్లో ఒక ఆఫీసు కౌంటర్లో గుమాస్తా గారు ఉండేవారు. ఒకరి కాగితం తిప్పికొట్టాక కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, తల ఎత్తేసరికి వెనక నిలబడ్డ మనిషి విసుగెత్తి వెళ్లిపోయేవాడు. "ఎవరూ లేరే" అనేవారాయన. రెండు సీజన్లు నేనూ అదే అన్నాను. ఆ చేను ఈశాన్యం మూల చూసి, అక్కడేమీ లేదని తోటివాళ్లకు కూడా సలహా ఇచ్చాను.

మీరు అక్కడికి ఎలా వచ్చారో కూడా తెలుసుకున్నాను లెండి. 1863-64 చలికాలం ఈ కౌంటీలోనే బ్రాండీ స్టేషన్ అనే ఊరి చుట్టుపక్కల ఉత్తరాది సైన్యం, సుమారు లక్ష మంది, గుడారాల మీద నమ్మకం లేక దుంగలతో గుడిసెలు వేసుకున్నారు. రాయిలాంటి బిస్కెట్లు వచ్చిన చెక్కపెట్టెలు విరగ్గొట్టి తలుపులు, బల్లలు చేసుకున్నారు. ఆ పెట్టెలతో పాటు మీ వంశమూ దిగింది. 1864 మే నెలలో సేనాధిపతి గ్రాంట్ వెనక వాళ్లంతా రాపిడాన్ నది దాటి వెళ్లిపోయారు. తమరు మాత్రం దాటలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే, నూటఅరవై ఏళ్లు. పక్కనే ఉన్న ప్రభుత్వ యుద్ధభూముల్లోనూ మీ బంధువులు ఉండే ఉంటారు. నేషనల్ పార్కు నేలలో డిటెక్టర్ పెట్టడం నేరం కాబట్టి వాళ్ల జోలికి నేను పోను. రైతుగారు సరేనన్న చేనులోనే మన లావాదేవీలు.

మీ వంశచరిత్రలో ఇంకో ఘనకార్యం ఉంది. 1881 జులై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో దొరకలేదు. టెలిఫోన్ బెల్ గారు నా మెషీన్ లాంటిదే, లోహం వెతికే ఒక యంత్రం తయారుచేసి, వైట్‌హౌస్‌కు తెచ్చి, రెండుసార్లు వెతికారు. సరిగ్గా పట్టలేకపోయారు. తర్వాత విచారిస్తే తేలిందేమిటి, రోగి పడుకున్న పరుపు కింద ఉక్కు తీగలతో అల్లిన ఇంకో పరుపు! వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడని, తూటా ఎడమవైపు ఉందని కూడా చెబుతారు కాబట్టి నింద మొత్తం మీ వాళ్ల మీద వెయ్యను. కానీ పక్కలో బల్లెం అంటే ఏమిటో అర్థమైంది. సెప్టెంబర్ 19న ఆయన పోయారు.

ఇక మొన్నటి సంగతి. విసిగి, డిస్క్రిమినేషన్ సున్నాకు దించేశాను. పెద్ద కాయిల్ తీసి అరచేతి కన్నా కాస్త పెద్దది తగిలించాను, ఒకేసారి మీ ఇద్దరు ముగ్గురిని తొక్కకుండా. చీపురు ఊపినట్టు కాకుండా, నిద్రపోతున్న పసివాడి మీద చెయ్యి వేసినంత నెమ్మదిగా ఊపాను. గుర్ర్, గుర్ర్, గుర్ర్. పక్కకు తిరిగి అడ్డంగా ఊపాను. గుర్ర్, గుర్ర్, టి... గుర్ర్. ఆ విరిగిన "టి" ఒక్కటే. మీరే వంగి పడుకుని ఇత్తడి గొంతు అనుకరిస్తున్నారేమో అని అనుమానం. ఆ వేషం మీరు చాలాసార్లు వేశారు, ముఖ్యంగా చప్పటి రేకు ముక్క రూపంలో.

తవ్వితే ముందు మీరే వచ్చారు, పలకల మేకు, తుప్పు పట్టి మట్టిని కౌగిలించుకుని. దాని కిందే ఆకుపచ్చని బిళ్ల. ఉమ్మి పెట్టి బొటనవేలితో ఒకసారి మాత్రమే అద్దాను. రెక్కలు విప్పిన గద్ద, గుండెల మీద డాలు. నేను వెతుకుతున్న సిపాయి బొత్తామే. వెనక వైపు సగం చెరిగిన అక్షరాల్లో వాటర్‌బరీ. కనెక్టికట్‌లో ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు అది. చెయ్యి వణికింది సార్, అబద్ధం చెప్పను.

వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "చిలుమెక్కింది నాన్నా, చింతపండు పెట్టి తోము, చెంబులా మెరుస్తుంది" అంది. తోమితే దాని వయసు పోతుందని చెప్పాను. "పోనీ అక్కడ కలెక్టరుకు చెప్పావా?" అని అడిగింది. మన దగ్గర 1878 నాటి చట్టం ఉంది, నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని. లెక్కప్రకారం పాత ఇనుప సామాన్లవాడి రేటుకు మీ 43 మంది కూడా ఆ గీత దాటేస్తారు. మిమ్మల్నీ నిధి అనాల్సి వస్తుందని గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిమ్మల్ని చేనులో తిరిగి పారెయ్యలేదు. అందర్నీ ఏరి సంచిలో వేసి ఇంటికి తెచ్చాను, గరాజ్‌లో బోర్న్‌విటా డబ్బాలో ఉన్నారు. మా ఆవిడ డబ్బా ఊపి చూసి, "బంగారమా?" అంది. గుర్రుమని మోగారు.

ఇట్లు,
తమ నలభైమూడో దర్శనంలో కృతార్థుడైన భక్తుడు

తా.క.: ఈ శనివారం గుడిసె పొయ్యి ఉన్నట్టు కనిపించే నల్లమట్టి మూలకు వస్తున్నాను. మీ వాళ్లు అక్కడ దట్టంగా ఉన్నారని మెషీన్ చెప్పింది. మోకాళ్లకు మెత్తలు కొన్నాను.