పద్యాన్ని మింగేస్తున్న ఎకో

కందుకూరు వైపు ఒక ఊరి తిరునాళ్లలో రాయబారం సీను చూశాను. కృష్ణుడి వేషం వేసినాయనది మంచి గొంతు. స్టేజీకి రెండు పక్కలా మనిషెత్తు సౌండ్ బాక్సులు. ఆయన పద్యం ఎత్తుకుని రెండో పాదంలోకి వచ్చేసరికి నా పక్కన కూర్చున్న పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటుండాడబ్బయా?" అని అడిగాడు. ఆయనకు చెవుడేమీ లేదు, నాకూ అర్థం కాలేదు. చప్పుడు గుండెల మీద కొడుతోంది గానీ మాట చెవికి అందడం లేదు.

కారణం ఎకో, అంటే మిక్సర్లో పెట్టే ప్రతిధ్వని. మాటలో అచ్చులు బలంగా, సాగుతూ వినపడతాయి. హల్లులు బలహీనం, క్షణంలో అయిపోతాయి. మాట తెలిసేది మాత్రం ఆ హల్లులతోనే. ఎకో పెడితే వెనకటి అక్షరం తోక వచ్చి ముందరి అక్షరం మీద పడుతుంది. ఒత్తులు, ప్రాస అన్నీ అందులో కలిసిపోతాయి. పద్యం చివర రాగం తీసేటప్పుడు అదే ఎకో తియ్యగా ఉంటుంది కాబట్టి నటులే "పెట్టన్నా" అని అడుగుతారు. అలసిన గొంతుకు అది ఆసరా అన్న మాటా నిజమే. కానీ జనం వచ్చింది రాగం ఒక్కదానికే కాదు. మైకులు లేని రోజుల్లో నటులు శ్రుతి పెంచి గొంతు చించుకుని పాడింది చివరి వరసకు మాట చేరాలనే. నెల్లూరు పురమందిరం లాంటి హాల్లో అయితే గోడలు ఎలాగూ శబ్దాన్ని తిప్పికొడతాయి. దాని మీద మళ్లీ ఎకో ఎందుకు?

రెండో తప్పు మైకులన్నీ తెరిచి వదిలేయడం. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ, మైకు కీచుమని కూత పెట్టకుండా పెంచుకోగల సౌండు సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. కూతకు భయపడి ఆపరేటర్ అన్నిటినీ తగ్గిస్తాడు, దాంతో ద్రౌపది మాట ఎవరికీ వినపడదు. మాట్లాడే పాత్ర మైకు మాత్రమే తెరవాలి. అలా చెయ్యాలంటే అతని చేతిలో నాటకం ప్రతి ఉండాలి, రిహార్సల్ ఒకసారైనా చూసి ఉండాలి. మనం మాత్రం అతన్ని పెళ్లికి పిలిచినట్టు సాయంత్రం ఏడింటికి పిలుస్తున్నాం. హార్మోనియం వాయించే ఆయన్ని అలా పిలుస్తామా?

ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. 5 మీటర్ల దగ్గర ఉన్న సౌండుకీ 40 మీటర్ల దగ్గరి సౌండుకీ 18 తేడా. అందుకే ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకుంటుంటే, వెనక అరుగుల మీది వాళ్లకు సరిగా వినపడదు. మధ్యలో రెండు చిన్న బాక్సులు పెట్టి, స్టేజీ శబ్దం అక్కడికి చేరేదాకా ఆగి మోగేలా వాటికి డిలే ఇస్తే సరిపోతుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 34 మీటర్ల దూరానికి 100 మిల్లీసెకన్లు. ఇంకో పది పదిహేను కలిపితే మాట స్టేజీ మీది నుంచే వస్తున్నట్టుంటుంది. ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో చాలావాటికి ఈ సదుపాయం ఉంది.

ఇలా చేస్తే ఊరికీ మేలే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. తెల్లవార్లూ ఆడే పద్యనాటకానికి ఆ కాస్త సమయమే దిక్కు. ఉన్న గంటల్లో ప్రతి మాటా వినపడకపోతే ఎట్లా?

ఆ రాత్రి విరామంలో సౌండాయన దగ్గరికి వెళ్లి బతిమాలాను. "ఆర్టిస్టులే పెట్టమన్నారన్నా" అంటూనే నాబ్ సగానికి తిప్పాడు. తర్వాతి పద్యానికి పెద్దాయన చెవి దగ్గర్నించి చెయ్యి తీసేశాడు.

శ్రీరామనవమికి నాటకం పెట్టుకునే కమిటీల వాళ్లను నేను అడిగేది ఒక్కటే. సౌండాయన్ని మధ్యాహ్నమే రమ్మనండి, ఆ పూట కూలి కూడా ఇవ్వండి. ఎకో తీసేసి ఒక పద్యం పాడించండి. మీలో ఒకరు చివరి వరసలో కూర్చుని, విన్న మాటలు పైకి చెప్పండి.