తులసీదాస్ బలరామ్ పేరు లేని పట్టిక

ఇంకా కోపం తగ్గలేదు. ఆదివారం ఆటల పోటీలని మా అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్టు పక్కన ఒక రంగుల కాగితం అంటించారు. భారత ఫుట్‌బాల్ జట్టుపై చెరగని ముద్ర వేసిన పదిమంది పేర్లట. అందులో తులసీదాస్ బలరామ్ లేడు. ఇది సికింద్రాబాద్ అండీ! ఆయన పుట్టిన అమ్ముగూడ ఇక్కడికి ఎంత దూరం? అడిగితే ఆ కాగితం తయారుచేసిన కుర్రాడు, "ఆయన ఎన్ని గోల్స్ కొట్టారు అంకుల్?" అన్నాడు.

సరే, గోల్సే లెక్కపెడదాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు కొట్టినవి మొత్తం 3 గోల్స్. అందులో 2 బలరామ్‌వి. ఒకటి పెరూ మీద, ఇంకొకటి హంగరీ మీద. ఆ హంగరీయే చివరికి కాంస్యం గెలిచింది. చాలా?

అయినా జట్టుపై ఎవరి ముద్ర ఎంత అన్నది గోల్స్‌తో తేలుతుందా? సునీల్ ఛెత్రి 90కి పైగా కొట్టాడు, అతనంటే నాకు ఎనలేని గౌరవం. కానీ అదే కొలత పెడితే మన హైదరాబాద్ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఎక్కడ నిలబడాలి? జర్నైల్ సింగ్ మాటేమిటి? 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెండర్‌గా ఆడే మనిషిని కోచ్ రహీం ముందుకు పంపితే, అదే తలతో సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒక గోల్ కొట్టాడు. స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తుంటే 2-1తో స్వర్ణం తెచ్చారు. ఆ జట్టు ముందు వరుసను చునీ, పీకే, బలరామ్ అని ఒక్క ఊపిరిలో చెప్పేవాళ్లు మా నాన్నగారు. బలరామ్ వెనక్కి దిగి బంతి అందుకుని మిగతా ఇద్దరికీ దారి చేసేవాడని ఆయన చేతులు తిప్పుతూ చూపించేవారు. ఆ పని ఏ పట్టికలో రాస్తారు?

ఆ కుర్రాడి మీదే ఎందుకు అరవాలి? చునీ గోస్వామికి పద్మశ్రీ వచ్చింది. పి.కె. బెనర్జీకి వచ్చింది. రావలసిందే. బలరామ్‌కు మాత్రం 2023 ఫిబ్రవరిలో కన్నుమూసే దాకా రాలేదు! నా అసలు మంట ఇదే, ఎన్నేళ్లుగానో ఉంది. శిక్షణకు రావడానికి డబ్బుల్లేని పిల్లవాడికి అద్దె సైకిల్ కోసం రహీం సాబ్ తన జేబులోంచి ఇచ్చారు. ఆ పిల్లవాడు దేశానికి ఆసియా స్వర్ణం తెచ్చిన జట్టులో నిలిచాడు, ఆ మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో 30 నిండకుండానే ఆట మానుకున్నాడు. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు బతికే ఉన్నాడు కదా! అన్నేళ్లలో ఎవరికీ గుర్తు రాలేదా? కలకత్తా వాళ్లు తమ ఆటగాళ్ల పేర్లు మనవలకు కూడా నేర్పుతారు. మనం మన ఊరి వాడి పేరు చెబితే "ఎన్ని గోల్స్?" అంటాం.

ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. రేపు ఉదయం పాల కోసం దిగేటప్పుడు పెన్ను తీసుకెళ్తున్నాను.