రక్తపిశాచికి పంచనామా

ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ తీయని రక్తపిశాచి సినిమా ఒకటి తీయాలని నిర్ణయించాను. మొన్న గురువారం రాత్రి భోజనాల తరవాత ఈ నిర్ణయం జరిగింది. సాక్షులు ఇద్దరు: నా భార్య, ఆమె తమ్ముడు. మొదటి సాక్షి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండో సాక్షికి మొహమాటం ఎక్కువ కాబట్టి కూర్చున్నాడు. అతడికి ఊరి శివార్లలో పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఫంక్షన్ హాలు ఉంది. అందువల్ల నిర్మాతగా అతడినే ఎంచుకున్నాను. ఆ సంగతి అతడికి ఇంకా పూర్తిగా తెలియదు.

"కథ ఎక్కడిది బావగారూ?" అని అడిగాడు.

"సొంతం" అన్నాను.

అతడు నన్ను చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలిని భరించలేక, ఈ శాఖలో సొంతం అన్నమాటకు అర్థమేమిటో తేల్చుకుందామని పాత రికార్డులు తిరగేశాను. తేలింది ఇది.

చీకటి కోటల్లో భయపెట్టే గోథిక్ నవలల వంశానికి మూలపురుషుడు హోరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి. 1764 డిసెంబరులో ఆయన ఒట్రాంటో కోట కథను అచ్చు వేశాడు. పాడుబడ్డ కోట, సొరంగం, చీకట్లో పరుగెత్తే కన్య, గోడ మీది పటంలోంచి దిగివచ్చే తాత, అన్నీ అందులో ఉన్నాయి. పెళ్లిరోజున, మనిషి తలకు చేసేదానికి వంద రెట్లున్న శిరస్త్రాణం ఒకటి పైనుంచి పడి పెళ్లికొడుకును నుజ్జు చేస్తుంది. ఇదంతా ఆయన బుర్రలో పుట్టిందే. అయినా ముందుమాటలో, ఇది 1529లో నేపుల్స్‌లో అచ్చయిన పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని రాసి, తన పేరు దాచుకున్నాడు. పుస్తకం జనానికి నచ్చిందని తెలిశాక, రెండో ముద్రణలో "నేనే రాశాను" అని బయటికి వచ్చాడు. అంటే సొంత సరుకును దొంగసొత్తుగా చూపించి మొదలైన వ్యాపారం ఇది. తరవాతి వాళ్లు దొంగసొత్తును సొంత సరుకుగా చూపించారు కాబట్టి మొత్తం మీద లెక్క సరిపోయింది.

రక్తపిశాచికి దొరబాబు వేషం వేసిన ఘనత ఒక డాక్టరుది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళికి మరుసటి ఏడు ఐరోపాలో ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున ఒక మేడలో ముసురుకు చిక్కుకుపోయిన కవి బైరన్, అతడి మిత్రులు తలా ఒక దయ్యం కథ రాయాలనుకున్నారు. బైరన్ కొన్ని పేజీలు రాసి పక్కన పడేశాడు. వెంట ఉన్న వైద్యుడు పాలిడోరి వాటిని ఏరుకుని కథగా పెంచాడు. 1819లో అది పత్రికలో బైరన్ పేరుతో అచ్చయింది. రాసినవాడు "నాది" అని, రాయనివాడు "నాది కాదు" అని మొత్తుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో వైద్యం అంటే సగం రక్తం తీయడమే కాబట్టి, ఈ పనికి డాక్టరును మించిన అర్హుడు లేడని మనం ఒప్పుకోవాలి.

ఇక సినిమాలు. 1922లో ప్రానా ఫిల్మ్ అనే జర్మన్ సంస్థ బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవలను అనుమతి లేకుండా నోస్ఫెరాటు అనే పేరుతో తీసింది. డ్రాకులా ప్రభువు ఓర్లాక్ ప్రభువయ్యాడు. పేర్లన్నీ జాగ్రత్తగా మార్చి, టైటిల్స్‌లో మాత్రం ఫలానా నవల ఆధారంగా అని నిజాయితీగా వేసుకున్నారు. గోడ దూకి వచ్చిన దొంగ, వెళ్లేటప్పుడు తన చిరునామా బల్ల మీద పెట్టి వెళ్లినట్టు. రచయిత భార్య ఫ్లోరెన్స్ దావా వేసింది. సంస్థ దివాలా తీసింది. ప్రతులన్నీ నాశనం చేయాలని 1925లో కోర్టు తీర్పిచ్చింది. విదేశాలకు చేరిన ప్రతులు కొన్ని బతికిపోయాయి. చంపమని కోర్టు చెప్పినా చావని సినిమా అది. ఇంతకంటే శాస్త్రోక్తమైన రక్తపిశాచి సినిమా మరొకటి ఉంటుందా?

ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతుందన్న సూత్రం కూడా ఆ సినిమాతోనే వచ్చింది. స్టోకర్ నవలలోని ప్రభువు లండన్ పికడిలీ వీధిలో పట్టపగలు టోపీ పెట్టుకున్న అమ్మాయిని చూస్తూ నిలబడ్డాడు, ఏమీ కాలేదు. ఇందులో ఒక విశేషం ఉంది. ఆ జర్మన్ సినిమాలో రాత్రి దృశ్యాలను చాలావరకు పగలే తీసి, ఫిల్ముకు నీలం రంగు పట్టించారు. రంగు పోయిన ప్రతుల్లో, ఎండకు చచ్చే మొదటి పిశాచి నిక్షేపంలాంటి ఎండలో తన శవపేటికను తనే చంకన పెట్టుకుని నడిచిపోతుంది. డ్రాకులా మెడ వెనక నిలబడే ఆ పెద్ద కాలరు వంశమర్యాదకు చిహ్నమని నేను చిన్నప్పటి నుంచి నమ్ముతున్నాను. నిజానికి 1920లలో ఇంగ్లండులో డ్రాకులా నాటకం ఆడినప్పుడు, నటుడు ప్రేక్షకులకు వీపు తిప్పి నేల తలుపులోంచి జారిపోవాలి. తల కనబడకుండా ఉండడానికి ఆ కాలరు. హాలీవుడ్ 1931లో సినిమా తీసినప్పుడు కాలరు ఉంచేసింది, నేల తలుపు సంగతి మరిచిపోయింది. పగలు ఇంగ్లీషు సినిమా తీసిన సెట్ల మీదనే రాత్రి వేరే నటులతో స్పానిష్ సినిమా తీశారు. రక్తపిశాచి పని వేళలను గౌరవించింది ఆ రెండో బృందమే. ఇంగ్లీషు సినిమాలో ట్రాన్సిల్వేనియా కోటలో ఎలుకలు తిరగాల్సిన చోట ఆర్మడిల్లోలు తిరుగుతాయి. అవి అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా పుట్టని జంతువులు. వీసా ఎవరిచ్చారో చెప్పరు.

కాబట్టి నా సిద్ధాంతం ఇదీ: ఈ శాఖలో సనాతన ధర్మాలన్నీ నిర్మాత చిట్టా పుస్తకంలోంచి పుట్టినవే. అయితే నా చిట్టాలో ఏముందో చూసి, నా ధర్మాలు నేను రాసుకుంటాను.

అద్దంతో మొదలుపెట్టాను. రక్తపిశాచి అద్దంలో కనబడదు. ఖర్చు లేని చమత్కారం కదా అని శనివారం మధ్యాహ్నం మా పడకగది బీరువా అద్దం ముందు పరీక్షించాను. బావమరిదిని పిశాచిగా కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను పట్టుకుని నిలబడ్డాను. అద్దంలో పిశాచి కనబడకుండా చేయడం సులువు, కుర్చీ జరిపితే చాలు. ఫోను, నేను, నా వెనక దండెం మీది తువ్వాలు కనబడకుండా చేయడమే కుదరలేదు. గంటన్నర తరవాత తేలిందేమిటంటే, ఆ గదిలో అద్దంలో ఉండకూడనివాడిని నేనే. అద్దం వెనక వెండిపూత ఉండేది కనక పిశాచికి పడదని కొందరు పండితుల వాదన. మరి పాత ఫిల్ము నిండా వెండి లవణాలే కదా! ఆ వాదన నిజమైతే, వందేళ్లుగా తీసిన రక్తపిశాచి సినిమాల్లో ఖాళీ కుర్చీలే పడి ఉండాలి. దీనికి పండితులు జవాబు చెప్పే వరకు అద్దం సీను వాయిదా వేశాను.

ఆహ్వానం లేనిదే గడప దాటకూడదన్న నియమం మీద నాకు గౌరవం ఉంది. కానీ మన వైపు గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే చదువుకుని వెనక్కి పోయే దయ్యం ఉండగా, పిలుపు కోసం గుమ్మంలో నిలబడే ప్రభువును చూసి భయపడమని తెలుగువాళ్లను ఎలా అడగను? పైగా మన భేతాళుడిని 1870లో రిచర్డ్ బర్టన్ అనే దొర ఇంగ్లీషులో వాంపైర్‌ను చేసి పడేశాడు. పాపం, భేతాళుడు రాజు భుజమెక్కి కథలు చెప్పి ప్రశ్నలు వేశాడే తప్ప ఒక్క చుక్క తాగి ఎరగడు.

వెతుకుతూ వెతుకుతూ వెనక్కి పోతే, అన్నిటికీ ముందు ఒక కాగితం దొరికింది. 1732 జనవరిలో, అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలో, మెద్వెజా అనే ఊళ్లో సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ రాసి, తోటి అధికారుల చేత సంతకాలు పెట్టించిన నివేదిక. దాని లాటిన్ పేరుకు అర్థం చూసినది, కనుగొన్నది అని. మన భాషలో చెప్పాలంటే పంచనామా.

అందులో కోట లేదు. ప్రభువు లేడు. ఆర్నోల్డ్ పావోలే అనే సరిహద్దు సైనికుడు గడ్డిబండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయాడు. బతికున్నప్పుడు తనను రక్తపిశాచి పీడించిందనీ, దాని సమాధి మట్టి తిని, రక్తం ఒంటికి పూసుకుని వదిలించుకున్నాననీ చెప్పేవాడట. పోయాక రాత్రుళ్లు వచ్చి జనాన్ని పీడిస్తున్నాడని ఊరివాళ్లు తవ్వి తీసి గుండెలో మేకు దిగ్గొట్టారు. కొన్నేళ్లకు మళ్లీ మూడు నెలల్లో 17 మంది పోయారు. అతడు పశువులనూ కొరికాడు, ఆ మాంసం తిన్నవాళ్ల వల్ల ఇది మళ్లీ పుట్టిందని ఊరివాళ్ల వాంగ్మూలం. డాక్టరుగారు సమాధులు వరసగా తెరిపించి, ఒక్కొక్క శవం పక్కన నిలబడి వయసు, రోగం, పాతిపెట్టిన కాలం రాసుకున్నారు. అరవై ఏళ్ల ముసలమ్మ ఒకామె దగ్గర ఊరివాళ్లు నోరెళ్లబెట్టారు. బతికినంత కాలం బక్కపలచగా ఉన్న మనిషి, సమాధిలో ఒళ్లు చేసింది.

శవంలో వాయువులు పుడితే ఉబ్బుతుందనీ, పైచర్మం గోళ్లతో సహా ఊడి లోపలి పచ్చి పొర కొత్త చర్మంలా కనబడుతుందనీ, ఎర్రటి ద్రవం నోట్లోకి వస్తుందనీ ఈనాడు మనకు తెలుసు. ఆ ఊరివాళ్లకు తెలిసింది, తమ మధ్య ఆకలితో బతికిన ముసలమ్మ ఎక్కడో కడుపునిండా తింటోందని. ఇన్ని కోటలు, కొవ్వొత్తులు, తెల్ల గౌన్లు చూసిన నాకు ఆ ఒక్క వాక్యం దగ్గరే వెన్ను జలదరించింది. (వ్యంగ్య రచయితలకు ఇలా జరగకూడదు. క్షమించండి.)

అంచేత నా సినిమా ఇది. రక్తపిశాచి ఎర్రగా, ఉబ్బి, బొద్దుగా ఉంటుంది, కోటు లేదు. నాయకుడు గుమాస్తా బుద్ధిగల సైనిక వైద్యుడు. భయంకరమైన ఆయుధం సిరాబుడ్డి. పతాక సన్నివేశంలో మేకు ఉండదు, వియన్నా నుంచి ఉత్తర్వు వస్తుంది. మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ చెప్పగా 1755లో పిశాచులంటూ సమాధులు తవ్వడాన్ని నిషేధించింది, అది నిజం. అది వేరే ఊరి గొడవ మీద వచ్చిన ఉత్తర్వు. పంచనామాకూ దానికీ మధ్య 23 ఏళ్లు ఉన్నాయి. ఫైలు కదలడానికి ఆ మాత్రం పడుతుందని ప్రేక్షకులు అర్థం చేసుకుంటారు. ఈలోగా సెర్బియా తిరిగి టర్కీ సుల్తాను చేతిలోకి పోయింది కాబట్టి ఉత్తర్వు మెద్వెజాలో చెల్లదు. పిశాచి పరిధి దాటి బతికిపోతుంది. రెండో భాగానికి దారి.

ఇదంతా ఆదివారం బావమరిదికి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు.

"కోట లేదా?" అన్నాడు.

"లేదు."

"మన హాలు కోటలాగే ఉంటుంది కదా బావగారూ."

ఉంటుంది. ముందు వైపు రెండు బురుజులు, ప్లాస్టర్‌తో పోసిన రాతి వరసలు, మధ్యలో శంఖచక్రాలు. గోథిక్ అంటే అలాంటి దొంగ కోటలు కాదని కోప్పడబోయి, ఆగిపోయాను. వాల్‌పోల్ సొంత ఇల్లు గుర్తొచ్చింది. థేమ్స్ ఒడ్డున స్ట్రాబెర్రీ హిల్‌లో ఆయన కట్టుకున్న గోథిక్ భవనంలో, రాతి చెక్కడంలా కనబడే హాలు కప్పు కాగితపు గుజ్జుతో పోసింది. నా నిజాయితీ నా కొంప ముంచింది, ఆ మాట బయటికి అనేశాను.

"అయితే మనదే గట్టిది" అన్నాడు. "పెళ్లికొడుకు మీద ఇనప టోపీ పడే సీను మాత్రం మన హాల్లో వద్దు. బుకింగులు పోతాయి."

ఆషాఢంలో ఇస్తానన్నాడు. ముహూర్తాలుండవు, హాలు ఖాళీ, పిశాచికి మంచిరోజులతో పని లేదు, వాన కూడా ఊరికే వస్తుంది. కరెంటు బిల్లు మాత్రం నాదే. కొవ్వొత్తులతో తీస్తానన్నాను. గ్రానైట్ మీద మైనం పడితే పాలిష్ ఖర్చు కూడా నాదేనట.